పింక్ ఫ్లాయిడ్ అభిమానులకు ఒక ప్రశ్న: 'యానిమల్స్' ఆల్బమ్‌ను 'విష్ యు వర్ హియర్' కంటే తక్కువగా చూడడం న్యాయమేనా?

హంద్రీ తీరవాసి, కర్నూలు:

అందరికీ నమస్కారం. కర్నూలులో మేము ఐదుగురు మిత్రులం నెలకొక ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో చేరి, ఒక ఆల్బమ్‌ను మొదటి నుండి చివరి వరకు మధ్యలో మాట్లాడకుండా వింటూ ఉంటాము. పోయిన నెల ఇంగ్లండుకు చెందిన రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1977 జనవరిలో విడుదల చేసిన 'యానిమల్స్' వంతు వచ్చింది. విన్న తరువాత, ఈ బృందం చేసిన వాటన్నింటిలో ఇదే మిన్న అని నేను అన్నాను. మిగిలిన నలుగురూ ఒప్పుకోలేదు. ఇది 'విష్ యు వర్ హియర్'కూ 'ది వాల్'కూ నడుమ వచ్చిన ఒక కోపపు పని మాత్రమేనని, ఇందులో రాగం తక్కువ, అరుపు ఎక్కువ అని వారు వాదించారు. వారి మాటలో నిజం ఎంత ఉందో నాకు తేలక ఇక్కడ అడుగుతున్నాను.

నా పక్షం ముందు చెబుతాను. ఈ ఆల్బమ్‌లో ఉన్నవి మూడు పెద్ద పాటలు, 'డాగ్స్', 'పిగ్స్', 'షీప్'. వీటికి ముందొకటి, వెనకొకటిగా నిమిషంన్నర చిన్న పాట రెండు ముక్కలుగా వస్తుంది. జార్జ్ ఆర్వెల్ రాసిన 'యానిమల్ ఫామ్' నవల నుండి, బృందంలో పాటలు రాసే రోజర్ వాటర్స్ ఆలోచన తీసుకున్నా, ఆ నవలను ఆయన తిరగరాయలేదు. తోటివాడిని కరిచి పైకి ఎక్కేవారిని కుక్కలుగా, పైన కూర్చుని నీతులు చెప్పేవారిని పందులుగా, తల వంచుకుని వెళ్లేవారిని గొర్రెలుగా చూపించి, తన దేశంలోని డబ్బు వ్యవస్థ మీదికి ఆ బాణాన్ని తిప్పాడు. పదిహేడు నిమిషాల 'డాగ్స్'లో డేవిడ్ గిల్మర్ గిటార్ వాయించిన తీరు చూడండి. కరిచి కరిచి అలసిపోయిన కుక్క చివరికి ఒంటరిగా మునిగిపోయే కథను ఆయన తీగలే సగం చెప్పేశాయి. పాట నడుమ ఒకే ఒక మాట ప్రతిధ్వనిస్తూ, పలుచబడుతూ, మాట పోయి ధ్వని మాత్రమే మిగిలేదాకా సాగుతుంది. ఆ చోటు వినేటప్పుడు మా గదిలో ఎవరూ కదలలేదు, వాదించిన నలుగురితో సహా.

'షీప్' విషయంలో నాకు సొంత అనుబంధం ఉంది. పత్తికొండ వైపు ఉన్న మా ఊరిలో మా తాతగారికి గొర్రెల మంద ఉండేది. సాయంత్రం మంద దొడ్డికి చేరే వేళకు, లోపల కట్టేసి ఉంచిన పిల్లలు తల్లుల కోసం, బయటి నుండి వచ్చే తల్లులు పిల్లల కోసం ఒకేసారి అరిచేవి. అన్ని అరుపుల మధ్య ఏ పిల్ల తన తల్లిని పోల్చుకోవడంలోనూ పొరబడేది కాదు. 'షీప్' పాట పక్షుల కూతలతో, గొర్రెల అరుపులతో మొదలవుతుంది. వాటి మీదికి రిచర్డ్ రైట్ ఎలక్ట్రిక్ పియానో మెల్లగా, ఏ అనుమానమూ లేని మధ్యాహ్నంలాగా వచ్చి చేరుతుంది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని మనకు సామెత ఉంది. ఆ నమ్మకం ఎలా వినిపిస్తుందో నాకు ఆ పియానోలో తెలిసింది. తరువాత ఆ గొర్రెలే తిరగబడతాయి. పాట చివర గిల్మర్ గిటార్ తెరలు తెరలుగా వచ్చే చోట, తాతగారి మందలో ఎన్నడూ జరగనిది జరుగుతున్నట్టు అనిపించి ఒళ్లు జలదరిస్తుంది.

ఇంత ఉన్న ఆల్బమ్‌ను గురించి మాట్లాడేటప్పుడు చాలామంది లండన్‌లోని బ్యాటర్సీ విద్యుత్ కేంద్రం మీద ఎగిరిన రబ్బరు పంది గురించే మాట్లాడతారు. 1976 డిసెంబరులో ఫొటోలు తీస్తుండగా ఆ పంది కట్లు తెంచుకుని ఎగిరిపోయి కెంట్ ప్రాంతంలో దిగిన మాట వాస్తవమే గానీ, అది అట్ట మీది సంగతి. లోపలి సంగీతంలో లోపం ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

మృదంగ విద్యార్థి, అనంతపురం:

హంద్రీ తీరవాసి గారూ, 'షీప్' గురించి మీరు రాసింది చదివి ఆ పాటను మళ్ళీ విన్నాను. మీ మాట కాదనలేను. అయితే మీరు అడిగిన 'లోపం' అన్న మాటకు నా దగ్గర ఒక సమాధానం ఉంది. మీరు ఎంతో మెచ్చుకున్న ఆ పియానో వాయించిన రిచర్డ్ రైట్‌కు 'యానిమల్స్'లో రచయితగా ఒక్క పాటలోనూ పేరు లేదు. ఆయన పేరు రచయితల్లో లేకుండా వచ్చిన మొదటి పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ అదే. 'డాగ్స్'లో గిల్మర్‌కు వాటా ఉంది, మిగిలినవన్నీ వాటర్స్ ఒక్కడివే. పాటకు ఇంత అని రాయల్టీ లెక్కగట్టే పద్ధతి ఉండడం వల్ల, నిమిషంన్నర ముక్కలు రెండింటికి వాటర్స్‌కు వచ్చిన వాటా, పదిహేడు నిమిషాల 'డాగ్స్' విషయంలో గిల్మర్‌కు కష్టం కలిగించిందని ఈ బృందం చరిత్ర చదివినవారికి తెలిసినదే. అక్కడ బృందంలోని నలుగురూ కలిసి కూర్చుని చేసిన పని లేదు. ఒకరు చెప్పింది మిగిలిన ముగ్గురు చాలా బాగా వాయించారు. మీ మిత్రులకు వినిపించిన కొరత ఇదేనని నా అభిప్రాయం.

అందుకే నా ఓటు 1973 మార్చిలో వచ్చిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'కు. అది అమెరికాలోని బిల్‌బోర్డ్ పట్టికలో 1973కూ 1988కీ మధ్య 741 వారాలు నిలిచిందన్న లెక్కను నేను వాదనకు వాడుకోను. అమ్ముడుపోయినదల్లా గొప్పది కాదు. నేను చెప్పదలచుకున్నది పనితనం గురించి. వాటర్స్ ఉన్న రోజుల్లో నలుగురి పేర్లూ రచయితలుగా కనిపించే చివరి ఆల్బమ్ అదే. రికార్డు చేయడానికి ముందే 1972 జనవరి నుండి వేదికల మీద వాయిస్తూ, ఎక్కడ సాగుతున్నదో, ఎక్కడ కుంటుతున్నదో జనం ముందే చూసుకుని సరిదిద్దుకున్నారు. మన దగ్గర ఒక కచేరీ అంశాన్ని ఏళ్ల తరబడి పాడి పాడి నునుపు చేసుకున్నట్టే ఇదీ.

'మనీ' పాటను ఒకసారి మా గురువుగారికి వినిపించాను. ఆయనకు రాక్ సంగీతంతో పరిచయం లేదు. చిల్లర నాణేల చప్పుడు, కాగితం చింపే చప్పుడు, గల్లాపెట్టె చప్పుడు వరుసగా వస్తుండగా ఆయన చేయి తొడ మీద కదలడం మొదలైంది. నాలుగైదు ఆవృతాల తరువాత "మిశ్రచాపు కదా" అన్నారు. అది నిజంగా ఏడు లెక్కల పాటే. తకిట తకధిమి అని వేసుకుంటే అందులో కూర్చుంటుంది, విరుపులో కొంచెం తేడా ఉన్నా లెక్క తప్పదు. ఆ చప్పుళ్లను టేపు మీద విడివిడిగా రికార్డు చేసి, కొలబద్దతో కొలిచి సమానమైన ముక్కలుగా కత్తిరించి, అతికించి చుట్టగా తిప్పారు. నాణేల చప్పుడు వాటర్స్ తన భార్య మట్టి కలుపుకునే గిన్నెలో చిల్లర వేసి తిప్పగా వచ్చింది. డిక్ ప్యారీ శాక్సఫోన్ కూడా ఏడులోనే నడుస్తుంది. గిల్మర్ గిటార్ అందుకునే చోట మాత్రం పాట నాలుగుకు మారుతుంది. అక్కడ మా గురువుగారి చేయి ఒక్క క్షణం ఆగి, వెంటనే సర్దుకుంది. పాట అయిపోయాక "మళ్ళీ ఏడుకు ఎంత శుభ్రంగా దిగాడు!" అన్నారు. ఇంతకు మించిన ప్రశంస ఆయన నోట నేను వినలేదు.

ఇంకొక మాట. 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై'లో క్లేర్ టోరీ అనే గాయని ఒక్క మాట కూడా పలకకుండా గొంతుతోనే పాడింది. ఆలాపన విని పెరిగిన మనకు అది అర్థం కావడానికి ఇంగ్లీషు అవసరం లేదు. ఆమెకు ఆ రోజు దక్కినది 30 పౌన్ల కూలి. 2004లో ఆమె కోర్టుకు వెళ్లాకే, మరుసటి ఏడు కుదిరిన ఒప్పందంతో, రైట్ పేరు పక్కన రచయితగా ఆమె పేరు చేరింది. ఆ న్యాయం ముప్పై ఏళ్లు ఆలస్యమైనందుకు, ఎంత ఇష్టమైన బృందమైనా, నాకు బాధగానే ఉంటుంది.

రాయచోటి శ్రోత:

ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. ప్రశ్న 'విష్ యు వర్ హియర్' గురించి కాబట్టి, దాని పక్షాన కొంచెం విపులంగా రాయనివ్వండి.

మొదట ఒక సంగతి. ఈ రెండు ఆల్బమ్‌లూ పోటీదారులు కావు, ఒక తల్లి బిడ్డలు. 1974లో ఈ బృందం వేదికల మీద మూడు కొత్త పాటలు వాయించింది. ఒకటి 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్'. మిగిలిన రెండూ వేరే పేర్లతో ఉన్న 'డాగ్స్', 'షీప్'. మూడింటినీ కలిపి ఒకే ఆల్బమ్ చేద్దామని గిల్మర్ కోరుకున్నాడు. వాటర్స్ మాత్రం 'షైన్ ఆన్' ఒక్కదాన్నే ఉంచుకుని, దాన్ని రెండుగా చీల్చి, ఆల్బమ్‌కు ముందు వెనుకల పెట్టి, నడుమ దానికి తగిన పాటలు కొత్తగా రాయాలన్నాడు. ఆయన మాటే నెగ్గింది. పక్కన పెట్టిన ఆ రెండు పాటలే తరువాత 'యానిమల్స్'కు వెన్నెముక అయ్యాయి. కాబట్టి హంద్రీ తీరవాసి గారు ఇష్టపడే ఆ కోపం 1974లోనే పుట్టింది. ఆ ఏడే పుట్టిన దుఃఖానికి మాత్రం 1975లో ముందుగా చోటు దొరికింది.

ఆ దుఃఖం ఎవరి గురించో తెలిసినదే. బృందానికి తొలి రూపం ఇచ్చిన సిడ్ బారెట్, 1967లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లోని పాటల్లో చాలా భాగం రాసినవాడు, మనసు చెదిరి 1968 నాటికి బృందానికి దూరమయ్యాడు. 1975 జూన్ 5న ఆయన అబ్బే రోడ్ స్టూడియోకు తనంతట తాను వచ్చాడు. ఒళ్లు పెరిగి, తలా కనుబొమలూ గొరిగించుకుని ఉన్న ఆ మనిషిని, ఒకనాడు కలిసి పాడినవారే చాలాసేపు గుర్తు పట్టలేకపోయారు. ఆ సమయంలో వారి చేతిలో ఉన్న పని ఆయన గురించి రాసిన 'షైన్ ఆన్'. ఎవరు లేరని పాట కడుతున్నారో ఆయనే వచ్చి గదిలో కూర్చుంటే, లేనట్టే ఉన్నాడు.

నాకు ఈ ఆల్బమ్ కువైట్ నుండి వచ్చింది. మా వైపు ఊళ్లలో కువైట్‌కు మనిషి వెళ్లని వీధి ఉండదు. మా నాన్నగారు అక్కడ డ్రైవరుగా పనిచేసే రోజుల్లో సెలవుకు వచ్చినప్పుడు ఒక టేప్‌రికార్డరు, దానితో పాటు ఎవరో ఇచ్చిన కొన్ని ఇంగ్లీషు క్యాసెట్లు తెచ్చారు. అందులో ఇది ఒకటి. అదే టేప్‌రికార్డరులో మా అమ్మ, నాన్నగారు గొంతు రికార్డు చేసి పంపే క్యాసెట్లు వినేది. ఉత్తరం రాయడం రాని ఇళ్లలో అప్పుడు అదే ఉత్తరం. నాన్నగారు "అందరూ బాగున్నారా" అని అడగ్గానే అమ్మ "బాగున్నాం" అని క్యాసెట్టుకు జవాబు చెప్పేది. "చిన్నోడు బడికి పోతున్నాడా" అంటే "పోతున్నాడు, నువ్వేం దిగులు పడొద్దు" అనేది. ఆయన తరువాతి మాటకు వెళ్లిపోయేవారు. అమ్మ జవాబు పూర్తయ్యేలోపు ఆయన గొంతు దాన్ని దాటి ముందుకు పోయేది. అప్పుడు అమ్మ టేపు ఆపి, తన మాట పూర్తి చేసి, మళ్ళీ నొక్కేది.

'విష్ యు వర్ హియర్' పాట మొదలయ్యే తీరు గుర్తు చేసుకోండి. ఎవరో రేడియో స్టేషన్లు తిప్పుతున్న చప్పుడు. అందులో నుండి సన్నగా, దూరంగా, రేడియోలో వస్తున్నట్టుగా ఒక పన్నెండు తీగల గిటార్. కాసేపటికి అదే గదిలో కూర్చున్న మనిషి వాయించినట్టుగా, దగ్గరగా, నిండుగా ఇంకొక గిటార్ దానికి జవాబు చెబుతుంది. రేడియోలోని గిటార్‌కు ఆ జవాబు వినిపించదు. అది తన దారిన తాను పోతూనే ఉంటుంది. మొదటిసారి ఆ చోటు విన్నప్పుడు నాకు పదిహేనేళ్లు. ఇంగ్లీషు సరిగా రాదు. అయినా వెంటనే అర్థమైంది.

ఆల్బమ్ మొత్తం ఇదే పని చేస్తుంది. ఎల్‌పీ మొదట అమ్మకానికి వచ్చినప్పుడు అట్ట కనబడకుండా దాన్ని నల్లని ప్లాస్టిక్ కవరులో మూసి అమ్మారు. లోపలి బొమ్మలో ఇద్దరు వ్యాపారస్తులు కరచాలనం చేస్తుంటే ఒకరి ఒంటికి నిప్పు అంటుకుని ఉంటుంది. 'హ్యావ్ ఎ సిగార్' పాటను బృందంలోని ఎవరూ పాడలేదు, మిత్రుడు రాయ్ హార్పర్ పాడాడు. బృందంలో ఎవరి పేరు ఏమిటో కూడా తెలియని రికార్డు కంపెనీ పెద్దమనిషి గొంతు బయటి మనిషిది కావడం నాకు చాలా సరైనదిగా తోస్తుంది. అది ముందే వేసుకున్న పథకం కాదు. పాట వాటర్స్ గొంతుకు కుదరక, గిల్మర్‌కు పాడడం ఇష్టం లేక జరిగింది. మంచి పనికి కొన్నిసార్లు ఇబ్బందులు కూడా కలిసి వస్తాయి.

'యానిమల్స్' మనుషులను జంతువులుగా చూపించి కోప్పడుతుంది. ఆ కోపం నిజమైనదే. కానీ అందులో ప్రతి ఒక్కరూ ఒక జాతికి చెందినవారు. 'విష్ యు వర్ హియర్'లో ఉన్నది ఒకే ఒక్క మనిషి, అతనికి పేరుంది. నేను దాన్ని పైన పెట్టడానికి కారణం అంతే.

కడప ఉపాధ్యాయిని:

'ది వాల్' పేరు ఇక్కడ ఒకటి రెండుసార్లు వచ్చినా ఎవరూ దాని పక్షాన నిలబడలేదు కాబట్టి నేను రాస్తున్నాను. 1979 నవంబరు 30న వచ్చిన ఈ రెండు రికార్డుల ఆల్బమ్‌లో సాగదీత ఉంది, ఒప్పుకుంటాను. నాలుగో వైపు నాకూ భారంగానే ఉంటుంది. మృదంగ విద్యార్థి గారి కొలబద్దతో చూస్తే ఇది ఇంకా తక్కువ అవుతుంది. పని నడుస్తుండగానే రైట్‌ను బృందం నుండి తప్పించారు, తరువాతి ప్రదర్శనలకు జీతానికి మాత్రమే పెట్టుకున్నారు.

అయినా, వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో చనిపోయినప్పుడు ఆ బిడ్డ వయసు ఐదు నెలలు. తండ్రి ముఖం తెలియని పిల్లవాడు, అణగదొక్కే బడి, ఊపిరాడనివ్వని ప్రేమ, ఆపైన జనం చప్పట్ల మధ్య ఒంటరితనం, ఒక్కొక్క ఇటుకగా పేర్చుకుంటూ పోతే గోడ పూర్తయ్యేసరికి లోపల ఒక మనిషి చిక్కుకుపోయి ఉంటాడు. 1980, 1981లలో జరిగిన ప్రదర్శనల్లో ఆ గోడను నిజంగానే అట్టపెట్టెల ఇటుకలతో, నలభై అడుగుల ఎత్తున, వాయిస్తుండగానే కట్టారు. సగం ప్రదర్శన అయ్యేసరికి బృందం కనిపించదు. నేను చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో నిమ్మలకుంట నుండి వచ్చిన తోలుబొమ్మలాట చూశాను. ఆడించేవారు తెర వెనుకే ఉండిపోతారు, కాలి గజ్జెల చప్పుడు మాత్రం ఇవతలికి వస్తుంది. 'కంఫర్టబ్లీ నంబ్'లో గోడ మీది నుండి వచ్చే గిల్మర్ గిటార్ నాకు ఆ గజ్జెల చప్పుడు లాంటిది. తెర వెనుక మనిషి ఉన్నాడని అది ఒక్కటే చెబుతుంది.

పిల్లలు పాడిన 'అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్' రెండవ భాగం గురించి ఉపాధ్యాయినిగా నన్ను చాలామంది అడుగుతారు. ఆ పాట చదువుకు వ్యతిరేకం కాదు. పిల్లవాడు రాసుకున్నదాన్ని తరగతి అందరి ముందు చదివి నవ్వే ఉపాధ్యాయుడికి వ్యతిరేకం. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక అబ్బాయి నోటుపుస్తకం అలాగే పైకి చదవబోయి ఆగిపోయాను. అప్పుడు నాకు ఈ పాటే గుర్తుకు వచ్చింది.

హంద్రీ తీరవాసి, కర్నూలు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. రాయచోటి శ్రోత గారూ, మీ అమ్మగారు టేపు ఆపి మాట పూర్తి చేసిన సంగతి చదివాక ఆ పాటను ఇంతకు ముందు విన్నట్టుగా ఇక వినలేను. 'డాగ్స్', 'షీప్' 1974 నాటివని నాకు తెలుసు గానీ, వాటిని 'షైన్ ఆన్' పక్కన పెట్టి వినాలని ఎన్నడూ తోచలేదు. మృదంగ విద్యార్థి గారు చెప్పిన రైట్ విషయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. నాకు 'షీప్'లో అన్నింటికంటే నచ్చిన ఆ పియానో భాగం కట్టినవాడికి పాటలో పేరు లేదంటే, నేను మెచ్చుకున్నది సగం రైట్‌ను, లెక్కలోకి వచ్చినది పూర్తిగా వాటర్స్.

అయితే ఒక్క విషయంలో నా మాట వెనక్కు తీసుకోను. 'యానిమల్స్'లో పేరున్న మనిషి లేడన్నది నిజం కాదు. ఆ రెండు చిన్న పాటలు వాటర్స్ తనకు అప్పుడే దగ్గరైన మనిషిని ఉద్దేశించి రాసినవి. ఒకరి బాగోగులు ఒకరు పట్టించుకోకపోతే మనమూ ఆ జంతువుల్లో కలిసిపోతామని మొదటి ముక్క భయపడుతుంది. పట్టించుకునేవారు దొరికారని చివరి ముక్క చెబుతుంది. అంత కోపానికి రెండు వైపులా ఆ మెత్తదనం లేకపోతే నేనూ మా మిత్రుల పక్షాన చేరేవాణ్ణి. మందకు రెండు వైపులా ఇద్దరు కాపరులు నడవాలి, లేకపోతే ఎంత మంచి మందైనా చేలల్లో పడుతుంది.

వచ్చే నెల వంతు నాదే. 'విష్ యు వర్ హియర్' పెడతాను. విడుదలైనప్పటి వరుసలో, ఒక వైపు అయ్యాక కాస్త ఆగి, రెండో వైపు. ప్రత్యేకంగా వినవలసిన చోటు ఇంకేదైనా ఉంటే చెప్పండి.

రాయచోటి శ్రోత:

మీరు ఆ చిన్న పాటల గురించి చెప్పింది ఒప్పుకుంటున్నాను. నా వాక్యం తొందరపాటుది.

వినవలసిన చోటు ఒకటి ఉంది. 'షైన్ ఆన్' తొమ్మిదవ భాగం రైట్ ఒక్కడే కట్టినది. వాటర్స్ మాటలు లేవు, గిల్మర్ గిటార్ ముందుకు రాదు. నడక దాదాపు శవయాత్ర నడకలా ఉంటుంది. పాట సన్నగిల్లి ఆగిపోయే చివరి క్షణాల్లో, శబ్దం బాగా పెంచి వింటే, రైట్ సింథసైజర్ మీద నాలుగైదు స్వరాలు వాయించడం వినిపిస్తుంది. అది 1967లో సిడ్ బారెట్ రాసిన 'సీ ఎమిలీ ప్లే' పాటలోని వరుస. ఎవరికీ చెప్పకుండా, అట్ట మీద రాయకుండా, అందరూ లేచి వెళ్లిపోయే వేళకు దాన్ని అక్కడ ఉంచాడు. మీ మిత్రులను అప్పటిదాకా లేవనివ్వకండి.